ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

ప్రతి ఏడూ జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం మా ఆఫీసు గది ముందు ఒకే తీరు మాటలు వినబడతాయి. మార్కుల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుని తల్లో తండ్రో వస్తారు. తెలుగు బడిలో వేశాం, వీడికి చదువు ఒంటబట్టడం లేదు, టీసీ ఇస్తే ఇంకో చోట చేర్చుకుంటామంటారు. పిల్లవాడు పక్కనే నిలబడి కాలి బొటనవేలితో నేల రాస్తుంటాడు. పూండి చుట్టుపక్కల ఊళ్లలో మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సైన్సు పుస్తకంలో సగం ఇంగ్లీషు మాటలు. ఈ మూడూ సర్దుకునేసరికి కొందరికి ఒకటి రెండేళ్లు పడుతుంది. అంతకాలం ఆగే ఓపిక పెద్దవాళ్లకు ఉండదు. నిజం చెప్పాలంటే మాకూ ఉండదు. స్టాఫ్ రూములో కూర్చుని ఆ పిల్లవాడి గురించి మందం అని ఒక్క మాట అనేసి మరో నోటుబుక్కు అందుకుంటాం.

అందుకే ఈసారి ఒక రసాయన శాస్త్రవేత్త జీవితం చెప్పుకుందాం. ఆయన మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడోసారి గట్టెక్కింది మనకు 60 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న మద్రాసులోనే. తరవాత కొన్నేళ్లకు అమెరికాలో ఒక ప్రయోగశాలలో, గాజు గొట్టంలో రంగు రావలసిన వేళకు రాకుండా ఆలస్యంగా వస్తుంటే, ప్రయోగం చెడిందని పారబోయకుండా ఎందుకిలా అని వెతికారు. ఆ వెతుకులాట నుంచే మన ఒంట్లోని కండరం శక్తిని ఎలా దాచుకుంటుందో, ఎలా ఖర్చు పెడుతుందో లోకానికి తెలిసింది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

రెండుసార్లు తప్పిన పిల్లవాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. అప్పుడు అది మద్రాసు రాజధానిలోని ఊరు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ఉద్యోగం ముందే మానుకున్నారు. తల్లి వెంకమ్మ. ఇంటి నిండా పిల్లలు, చేతిలో డబ్బు లేదు. రాజమండ్రిలో చదువు సాగింది కానీ మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి కాశీకి బయల్దేరాడనీ, అక్కడికొచ్చే యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలనుకున్నాడనీ, తల్లి మనుషులను పంపి దారిలోనే వెనక్కి రప్పించిందనీ ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. అదే కుర్రవాడు ఇవాళ మన బడిలో ఉంటే ఏమంటామో మనకు తెలుసు.

మెట్రిక్యులేషన్ ఒకసారి పోయింది. మరోసారి కూడా పోయింది. ఆ రోజుల్లో మెట్రిక్ తప్పితే గుమాస్తా పనికి కూడా తలుపు తెరుచుకునేది కాదు. అయినా వెంకమ్మ గారు పట్టు విడవలేదు. ఒంటిమీద నగలు అమ్మి కొడుకును చదివించిందని చెబుతారు. మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి మూడోసారి పరీక్ష రాసి సుబ్బారావు గట్టెక్కాడు. కొన్నేళ్ల తరవాత నోబెల్ బహుమతి పొందిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ చదివిందీ ఆ బడిలోనే. ఒక బడికి రెండు రకాల పిల్లలూ వస్తారు. వెంటనే మెరిసేవాడూ వస్తాడు, నింపాదిగా తేరుకునేవాడూ వస్తాడు.

ఆ తరవాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివాడు. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకోవాలన్న కోరిక బలంగా ఉండేది. వైద్యం నేర్చుకుంటే మనుషులకు ఎక్కువ సేవ చేయవచ్చని అక్కడివారే చెప్పి పంపారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత ఆదుకున్నారు. 1919లో ఆ కస్తూరి వారి అమ్మాయి శేషగిరినే పెళ్లి చేసుకున్నాడు.

ఖద్దరు కోటు, తక్కువ పట్టా

గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టడం మొదలుపెట్టాడు. ఆపరేషన్ గదిలోకి వేసుకునే కోటు కూడా ఖద్దరుదే. శస్త్రచికిత్స బోధించే తెల్లదొరకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా, చివరకు చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా. ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్య సేవలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా చేరారు.

ఆ ఇంట్లో అప్పటికే పెద్ద దెబ్బ తగిలి ఉంది. స్ప్రూ అనే పేగు జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ వస్తే తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. దానికి అప్పట్లో సరైన మందు లేదు. ఈ జబ్బు ఏమిటి, ఎందుకొస్తుంది, ఏమిస్తే తగ్గుతుంది అన్న ప్రశ్న సుబ్బారావు గారిని వదల్లేదు. ఉష్ణమండల జబ్బుల గురించి హార్వర్డ్‌లో చదవాలని నిశ్చయించుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం చేసింది. మామగారు మిగతా డబ్బు సమకూర్చారు. 1922లో, ఇంట్లో భార్య నెలలు నిండుతున్న వేళ, ఓడెక్కి బోస్టన్ చేరారు.

హార్వర్డ్‌లో సీటు దొరికింది కానీ తిండికి దారి లేదు. మద్రాసు పట్టాతో అక్కడ వైద్యం చేయనివ్వరు. అందుకని ఒక ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం ఆ పనిలో భాగం. పగలు చదువు, రాత్రి ఈ పని. ఇంటి దగ్గర పుట్టిన మగబిడ్డ ఏడాది కూడా నిండకుండా చనిపోయాడన్న కబురు ఆయనకు అక్కడే చేరింది. ఆ బిడ్డ ముఖం ఆయన చూడనే లేదు.

రంగుతో కొలవడం

డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరారు. అక్కడ ఇచ్చిన మొదటి పని చూడ్డానికి చిన్నది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో సులువుగా, కచ్చితంగా కొలిచే పద్ధతి కనిపెట్టాలి. ఇద్దరూ కలిసి ఆ పద్ధతిని 1925లో ప్రచురించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఇప్పటికీ జీవరసాయనం చదివే విద్యార్థులు దాన్ని చేస్తారు.

పద్ధతి ఇది. కొలవాల్సిన ద్రవంలో ఆమ్లం కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తారు. ద్రవంలో ఫాస్ఫేట్ ఉంటే అది మాలిబ్డేట్‌తో కలిసి కొత్త సమ్మేళనం అవుతుంది. దానికి క్షయకరణం చేసే పదార్థాన్ని, అంటే ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థాన్ని కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువుంటే నీలం చిక్కగా, తక్కువుంటే పలచగా ఉంటుంది. ముందే లెక్క తెలిసిన ద్రవం రంగుతో పోల్చి చూస్తే భాస్వరం ఎంతో తేలుతుంది. వేళ్లు పెట్టి లెక్కించలేని అణువులను కంటికి కనిపించే రంగుతో లెక్కించడమన్నమాట.

ఆ నీలం ఎందుకు వస్తుందో ఇప్పుడు మనకు ఇంకా వివరంగా తెలుసు. నడుమ ఒక భాస్వరం పరమాణువు, చుట్టూ 12 మాలిబ్డినం పరమాణువులు, వాటిని కలుపుతూ ఆక్సిజన్ పరమాణువులు, అంతా కలిసి ఒక చిన్న బుట్టలా ఉంటాయి. దాని వెడల్పు దాదాపు ఒక నానోమీటరు, అంటే మీటరులో నూరు కోట్ల వంతు. బయటినుంచి వచ్చిన ఎలక్ట్రాన్ ఒక మాలిబ్డినం దగ్గర కదలకుండా కూర్చోదు, పక్కదాని మీదికి గెంతుతుంటుంది. ఆ గెంతుకు కావలసిన శక్తిని ఎర్రని కాంతి నుంచి తీసుకుంటుంది. ఎరుపు పోయాక మిగిలిన కాంతి మన కంటికి నీలంగా కనబడుతుంది.

రంగు ఆలస్యమైంది

పద్ధతి చేతికొచ్చాక దాన్ని కండరం మీద ప్రయోగించారు. పిల్లి కండరాన్ని తీసి, చల్లబరచి, నూరి, వడకట్టి, ఆ వడకట్టిన ద్రవంలో భాస్వరం కొలవబోయారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో రావలసిన నీలం ఇక్కడ పూర్తిగా రాలేదు. కొంచెం వచ్చి, తరవాత మెల్లమెల్లగా ముదురుతూ పోయింది. ఒక లెక్క రాసుకుని కాసేపాగి చూస్తే మరో లెక్క వస్తోంది.

ఇలాంటి చోటే చాలామంది తప్పు మనదనుకుంటారు. మందు పాతదైందనో, గొట్టం సరిగా కడగలేదనో అనుకుని పారబోస్తారు. మన బడి ప్రయోగశాలలో అయితే పక్క జట్టు లెక్క చూసి రాసేసుకుంటారు. ఫిస్క్, సుబ్బారావు అలా చేయలేదు. ఎంత రంగు వచ్చిందని మాత్రమే కాక, ఏ నిమిషానికి ఎంత వచ్చిందని రాసుకుంటూ పోయారు.

అప్పుడు విషయం తేలింది. కండరంలో ఉన్న ఫాస్ఫేట్ అంతా విడిగా లేదు. అందులో పెద్ద భాగం మరో పదార్థానికి అతుక్కుని ఉంది. ఆ అతుకు బలహీనమైనది. మాలిబ్డేట్ ఉన్న ఆమ్ల ద్రవంలో అది మెల్లగా విడిపోతోంది. విడిపోయినంత మేరకే ఫాస్ఫేట్ బయటికి వచ్చి నీలం అవుతోంది. రంగు ఆలస్యం కావడానికి కారణం ఆ పదార్థం విడిపోయే వేగమే. ఫాస్ఫేట్ ఎంత విడుదలైతే అంతకు సరిసమానంగా క్రియాటిన్ కూడా విడుదలవుతోందని కొలిచి చూశారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. ఇది 1927లో వెలువడింది. అదే కాలంలో ఇంగ్లండులో ఎగ్లెటన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ పట్టుకున్నారు. దాని నిర్మాణం ఏమిటో తేల్చింది మాత్రం హార్వర్డ్ జట్టు.

కండరానికి కరెంటు తగిలించి పనిచేయించి చూస్తే ఈ పదార్థం తగ్గింది. విశ్రాంతి ఇచ్చి చూస్తే మళ్లీ పెరిగింది. అంటే కండరం ఖర్చు పెట్టుకునే సొమ్ము ఇందులో ఉంది.

1929లో ఆ ఇద్దరే కండరం నుంచి మరో పదార్థాన్ని వేరుచేశారు. అది అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, మనం పదో తరగతిలో చెప్పే ఏటీపీ. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టారు.

అంతకుముందు 1922 నోబెల్ బహుమతి ఇద్దరు గొప్ప శాస్త్రవేత్తలకు, హిల్‌కు, మేయర్‌హాఫ్‌కు, కండరం పనిమీద వచ్చింది. కండరం ముడుచుకోవడానికి మూలం లాక్టిక్ ఆమ్లమేనని అప్పుడంతా నమ్మేవారు. 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా ఆపినా కండరం ముడుచుకుంటుందనీ, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటిన్ అనీ చూపించారు. నీలిరంగు ఆలస్యం దగ్గర మొదలైన దారి అక్కడికి చేరింది.

పూండి జలాశయంతో చెప్పే పాఠం

ఈ పాఠం మన పిల్లలకు చెప్పడం మరీ తేలిక. చెన్నైలో ఒకావిడ కుళాయి తిప్పింది. నీళ్లు ఆ క్షణంలోనే రావాలి. ఎక్కడో కండలేరులో ఉన్న కృష్ణ నీళ్లు కాలువ వెంట వచ్చేదాకా ఆమె బిందె పట్టుకుని నిలబడలేదు. అందుకని మధ్యలో నిల్వలుంటాయి. కుశస్థలి నది మీద 1944లో కట్టిన మన పూండి జలాశయం అలాంటి నిల్వ. 1996 నుంచి కృష్ణ నీళ్లు కండలేరు–పూండి కాలువ గుండా ఇక్కడికి చేరుతున్నాయి. ఇక్కడినుంచి నగరం వైపు వెళతాయి.

మన ఒంట్లోనూ అంతే. ఏటీపీ ఇంట్లో బిందెలో ఉన్న నీళ్లు. చేతికి దగ్గరగా ఉంటుంది కానీ పరుగు తీస్తే కొద్ది క్షణాలకే సరి. ఫాస్ఫోక్రియాటిన్ పూండి జలాశయం. బిందె తరిగిన వెంటనే నింపుతుంది, ఇంకో పది సెకన్ల దాకా ఆదుకుంటుంది. తిన్న అన్నం నుంచి వచ్చే శక్తి కృష్ణ నీళ్లలాంటిది. చాలా ఉంటుంది, కానీ దూరం నుంచి నిదానంగా వస్తుంది. నూరు మీటర్ల పందెంలో పిల్లవాడు మొదట దూసుకుపోయేది జలాశయం నీళ్లతోనే. మన శరీరం ఒక రోజులో తయారుచేసి, ఖర్చుచేసి, మళ్లీ తయారుచేసే ఏటీపీని లెక్కగడితే మన బరువంత అవుతుంది. ఒక్కో వేళ ఒంట్లో ఉండేది మాత్రం చాలా కొంచెం. నిల్వ ఎంత అన్నదానికంటే ఎంత వేగంగా తిరుగుతోందన్నదే ముఖ్యం.

రసాయన చర్య జరిగిందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఎంత వేగంగా, ఏ మెట్ల మీదుగా జరిగిందన్నది మరో ప్రశ్న. ఈ రెండో ప్రశ్న ఇవాళ పెద్ద శాస్త్రమైంది. సుబ్బారావు గారు నిమిషాల్లో చూసిన మార్పును ఇప్పుడు లేజర్ వెలుగుతో సెకనులో లక్ష కోట్ల వంతు కన్నా చిన్న వ్యవధిలో చూస్తున్నారు. ఆ దారి వేసిన అహ్మద్ జెవాయిల్‌కు 1999లో నోబెల్ వచ్చింది. అర్ధవాహక పదార్థాలను కొన్ని నానోమీటర్ల రేణువులుగా చేస్తే, పదార్థం ఒకటే అయినా రేణువు పరిమాణాన్ని బట్టి రంగు మారుతుంది. ఆ క్వాంటం చుక్కల పనికి 2023లో రసాయన నోబెల్ ఇచ్చారు. అలాంటి రేణువు మీద వెలుగు పడగానే ఎలక్ట్రాన్ ఎటు పోయింది, ఎంతసేపట్లో పోయింది అని తెలుసుకోవడానికి నేటి రసాయన ఆచార్యులు చూసేది కూడా రంగు మార్పునే. పరికరం మారింది, అడిగే ప్రశ్న మాత్రం సుబ్బారావు గారు అడిగినదే.

మన పిల్లల చేతికి వచ్చిన మాత్ర

ఆయన 1930లో పీహెచ్‌డీ పొందారు. మరో పదేళ్లు అక్కడే పనిచేశారు. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి, కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 45 దాటింది. మనలో చాలామంది ఇక రిటైర్మెంటు లెక్కలు వేసుకునే వయసు అది. మందుల విషయంలో ఆయన పెద్ద పనులన్నీ మిగతా ఎనిమిదేళ్లలో జరిగాయి.

బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఈస్టు సారంలో రక్తం పెంచే పదార్థం ఏదో ఉందని 1931లోనే చూపించారు. అది ఫోలిక్ ఆమ్లమని తరవాత తెలిసింది. దాన్ని స్వచ్ఛంగా వేరుచేసి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది సుబ్బారావు గారు నడిపిన జట్టు. సోదరులను మింగిన స్ప్రూకు పనికొచ్చే మందు అదేనని కొద్దికాలంలో రుజువైంది. ఇంటినుంచి మోసుకెళ్లిన ప్రశ్నకు ఇరవై ఏళ్లు దాటాక జవాబు దొరికింది. ఇవాళ మన బళ్లలో వారానికొకసారి పిల్లలకు ఇచ్చే ఐరన్ మాత్రలో రెండో భాగం ఈ ఫోలిక్ ఆమ్లమే. ఆస్పత్రిలో గర్భిణులకు ఇచ్చేదీ ఇదే.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దానికి అడ్డుపడే మందులను కూడా ఆ జట్టు తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి ప్రచురించారు. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు మందు అంటూ లేదు. అదే వరుసలో వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. బోదకాలు రాకుండా మన దేశంలో ఎన్నో జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా 1947లో అక్కడినుంచి వచ్చిందే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందైన ఆరియోమైసిన్‌ను ఆయన విభాగంలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టారు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే సుబ్బారావు గారి గుండె ఆగింది. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే, సొంత దేశానికి ఒక్కసారి కూడా తిరిగిరాకుండానే వెళ్లిపోయారు. శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూస్తూ మిగిలారు. ఈ నష్టాన్ని దాచిపెట్టి పిల్లలకు ఆయన కథ చెప్పడం సబబు కాదు. ఒక ఇల్లాలు తన జీవితాన్ని ధారపోస్తే వచ్చిన మందులివి. ఆయన వందేళ్ల పుట్టినరోజుకు, 1995లో, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది. అయినా మా తరగతిలో అడిగితే పేరు తెలిసిన చేయి ఒకటీ అరా లేస్తుంది.

తరగతిలో చేయదగినది

తోటి ఉపాధ్యాయులకు ఒక సూచన. తెల్ల కాగితం మీద పెన్సిలుతో ఇంటూ గుర్తు గీయండి. దానిపై గాజు కుప్పె పెట్టి 50 మిల్లీలీటర్ల హైపో ద్రావణం పోయండి. అందులో 5 మిల్లీలీటర్ల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం మీరే కలపండి. కాసేపు ఏమీ జరగదు. పిల్లలు పెదవి విరుస్తారు. తరవాత ద్రవం పాలలా మారి, గుర్తు కనబడకుండా పోతుంది. ఎన్ని సెకన్లకు పోయిందో రాయించండి. హైపోలో సగం నీళ్లు కలిపి మళ్లీ చేయండి, కొంచెం వెచ్చచేసి ఇంకోసారి చేయండి. ఘాటు వాయువు వస్తుంది కనుక కిటికీలు తెరిచి ఉంచండి, ద్రవాన్ని వెంటనే పారబోయండి. మూడు సార్లూ చర్య ఒకటే, ఫలితం ఒకటే, పట్టిన సమయం మాత్రం వేరు. ఎందుకు వేరు అన్నదాన్ని పిల్లలచేతే చెప్పించండి. నిదానంగా జరగడం వేరు, జరగకపోవడం వేరని వాళ్లు కళ్లారా చూస్తారు.

ఇక తల్లిదండ్రులతో ఒక మాట. వెనకబడిన ప్రతి పిల్లవాడూ సుబ్బారావు అవుతాడని మేము చెప్పడం లేదు. ఆయన వెనక పట్టువదలని తల్లి ఉంది, చేయిచ్చిన మామగారు ఉన్నారు, డబ్బిచ్చిన ధర్మసంస్థ ఉంది. వాళ్లంతా ఆయనకు ఇచ్చింది సమయమే. మన పిల్లలకూ అది ఇవ్వగలం. కాకపోతే ఊరికే ఆగితే చాలదు. ఫిస్క్, సుబ్బారావు చేసినట్టు ఆలస్యం ఎక్కడుందో వెతకాలి. పిల్లవాడు రాయలేనిదాన్ని తెలుగులో నోటితో చెప్పగలడా అని అడిగి చూడండి. చెబితే, పాఠం వచ్చింది, రాత మిగిలిందని అర్థం. తమిళంలో చెప్పగలిగి తెలుగు మాట దొరకకపోతే, విషయం వచ్చింది, మాట మిగిలింది. బోర్డు మీది అక్షరాలు కనబడుతున్నాయా, పొద్దున ఏమైనా తిని వస్తున్నాడా అన్నదీ చూడాలి. వీటిలో ఏదీ తేల్చకుండా మందం అనేస్తే, రంగు రాకముందే గొట్టం పారబోసినట్టే.

వచ్చే జూన్‌లో మార్కుల కాగితం తీసుకుని మా ఆఫీసు గదికి వచ్చేవాళ్లను మేము టీసీ పుస్తకం తీసేముందు కాసేపు కూర్చోమంటాం. పిల్లవాడిని కూడా కూర్చోబెట్టి, ముందు వాడినే అడుగుతాం.